బొండం కారు

ఎదుర్లంక రేవులో పంటు ఆగింది.
అందరూ దిగారు, మేం తప్ప.

దాన్ని కారనడానికి మా నాన్న ఒప్పుకునేవాడు కాదు.
"ఇనప్పెట్టెకీ ఇడ్లీ పాత్రకీ పుట్టిందే అది" అనేవాడు.
యానాం అంతా మాత్రం బొండం కారనేది.
గుండ్రం, లేతాకుపచ్చ, వెనక్కి పోయేకొద్దీ సన్నం.
తలుపు పక్కన కాదు, మూతి మీద.
తీస్తే స్టీరింగు కూడా దాంతోపాటే వచ్చేసేది,
పిలిస్తే చంకలో పిల్లతో సహా గుమ్మంలోకొచ్చే ఇల్లాలిలా.

పంపన సత్తెయ్యగారు ఫ్రెంచి పటాలంలో
ఇరవయ్యేళ్ళు లారీలకి గ్రీజు పూసి,
పింఛను కాయితంతో పాటు దీన్నీ ఓడెక్కించుకొచ్చాడు.
మా రేకుల కొట్టు ముందు బల్ల మీద కూచుని చెప్పేవాడు:

"యుద్ధం అయిపోయిందమ్మా.
ఓడినోళ్ళని ఇంక విమానాలు చెయ్యొద్దన్నారు.
రేకు వంచడం తప్ప ఏమీ రాని చేతులు
ఎన్నాళ్ళని ఒళ్ళో పెట్టుకు కూచుంటాయి?
విమానం మీదుండే గాజుమూత లాంటిదే ఒకటి బోర్లించి
కింద మూడు చక్రాలు తగిలించాడొకడు.
ముందొకరు, వెనకొకరు,
బాంబులెయ్యడానికి వెళ్తున్నట్టే ఉంటారు,
వెళ్ళేది మాత్రం ఉల్లిపాయలకి.
ఐసుపెట్టెలు చేసేవాడింకొకడు,
పెట్టెకున్నట్టే కారుకీ ఎదురు తలుపు పెట్టాడు. ఇదుగో, ఇదే.
మోటారు సైకిలు మీద వానకి తడిసి విసిగినోడికి
పెద్ద కారు కొనే తాహతు లేదు.
ఆ సందులోంచి దూరింది ఈ చిన్నది.
ఇంతలో ఎడారిలో ఏదో కాలవ మూసేశారట, పెట్రోలు కరువు..."

కాలవ మూస్తే ఏమవుద్దో మాకొకరు చెప్పాలా!
ఏటా వేసవిలో లాకులు దించగానే
పడవలు బురదలో పక్కకి ఒరిగి
ఎవరో మర్చిపోయిన చెప్పుల్లా పడుంటాయి.

ఆ రోజు నా ఒళ్ళో మా అత్తకిచ్చే కోడిపెట్ట.
కారు ముక్కు పంటు కమ్మీకి ఆని ఉంది.
వెనక్కి తియ్యాలి. రివర్సు గేరు పన్ను విరిగి పదిహేను రోజులు.
తలుపు తియ్యాలంటే కమ్మీ తియ్యాలి,
కమ్మీ తియ్యాలంటే గోదారిలో నిలబడాలి.
సత్తెయ్యగారు చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.
తర్వాత నెత్తిమీద గుడ్డకప్పు బొత్తాలు విప్పాడు.
ముందు కోడి ఎగిరింది.
తర్వాత నేను. తర్వాత పటాలం టోపీ,
దాని కింద ఆయన.
రేవంతా ఈలలు.

కళాసీలొచ్చి వెనక్కి లాగేలోపు పోటెక్కింది.
కొబ్బరి డొక్కలు, నురగ, ఒక తెగిన పూలదండ
సముద్రం వైపు నించి ఎగువకి పోతున్నాయి.
"చూశావా, గోదారికుంది రివర్సు గేరు" అన్నాడాయన,
కొంచెం అసూయగానే.

ఇప్పుడనిపిస్తుంది,
ఆ దేశాల వాళ్ళకి యుద్ధం వదిలేసిన రేకు,
మాకు వరద వదిలేసిన ఒండ్రు.
మా లంకలన్నీ మిగులు మట్టే కదా.
ఎవరూ పెద్దగా ఆలోచించి కట్టినవి కావు.
అరటి మాత్రం బాగా కాస్తుంది.

సత్తెయ్యగారు పోయాక ఇంజను వరి దుబ్బులకి నీళ్ళు తోడింది,
అదీ రెండు సాళ్ళే.
చక్రాలు ఏమయ్యాయో తెలీదు.
వంతెన వచ్చింది, పంటు పోయింది.
రేకు తొడుగు మా నాన్న తెచ్చి దొడ్లో పెట్టాడు.
ఉప్పుగాలికి తుప్పు పట్టకుండా ఏటా తారు పూసేవాడు,
కారు కాదంటూనే.

ఇప్పుడది కోళ్ళగూడు.
తెల్లారి తలుపు తీస్తే
స్టీరింగు కూడా బయటికొస్తుంది, అలవాటు మానలేదు.
పక్కింటి కుర్రాడు దాన్ని పట్టుకు తిప్పుతూ
"జరగండి, జరగండి" అని పెట్టల్ని కసురుతుంటాడు.
అవి ఒక్కటొక్కటే, తీరిగ్గా,
ముందు తలుపులోంచే దిగుతాయి.