ఇస్త్రీబల్ల

బట్టలు ఇస్త్రీ చేసి ఏడు నెలలైంది.
బల్లని మాత్రం ఒక్క రోజు కూడా మడవలేదు.
కిటికీ పక్కన, నా మోచేతుల ఎత్తుకి,
మూడో గాడిలో బిగించి నిలబెట్టాను.
దాని మీద లాప్‌టాపు, కాఫీ కప్పు,
కోడిగుడ్డు ఆకారంలో వంటింటి టైమరు.
ఇదే నా ఆఫీసు.
ఊరు ఓలు, ఫిన్లాండుకి బాగా పైన. నెల జనవరి.
పదింటికి తెల్లారుతుంది,
మూడు కొట్టకముందే దీపాలు పెట్టేస్తాం.

ఇరవై నిమిషాలు నిలబడాలి.
ఇరవై నిమిషాలు నేలమీద వెల్లకిలా,
పిక్కలు రెండూ కుర్చీ మీద పెట్టి.
కుర్చీ ఇప్పుడు అందుకే.
ఆ తర్వాత పొయ్యి దగ్గర్నుంచి తలుపు దాకా
పదకొండు అడుగులు, పదకొండు సార్లు.
గుడ్డు మోగుతుంది.
మళ్ళీ మొదటికి.

ఫిజియోథెరపిస్టు ఇల్పో పెద్దగా మాట్లాడడు.
మొదటిరోజు తన జామ్ బన్ను బల్లమీద పెట్టి
ఒక పక్క బొటనవేలితో నొక్కాడు.
రెండో పక్క నుంచి జామ్ బయటికొచ్చింది.
"నాలుగో పూసకీ ఐదో పూసకీ మధ్య" అన్నాడు.
తర్వాత దాన్ని తినేశాడు.
ఆ జామ్ నా ఎడమకాలి బొటనవేలిదాకా
నిప్పులా ఎలా పాకిందో
అడుగుదామనుకునేసరికి
అతని నోరు నిండుగా ఉంది.

నడుం వాల్చడమంటే ఒకప్పుడు విశ్రాంతి.
ఇప్పుడు అదో పని:
ముందు మోకాలు, తర్వాత అరచెయ్యి,
భుజం, పక్కకి దొర్లడం, ఒక ఊపిరి.
నడుం బిగించే మాటంటారా,
అది నడుమునే అడగాలి.
మంగళవారం పడిపోయిన పెన్ను
ఇంకా ఫ్రిజ్ కిందే ఉంది.
నేలకి దిగిన ప్రతిసారీ దాన్ని పలకరిస్తాను.
చెయ్యి చాపను.

మీటింగుల్లో నా తల వెనక గోడ ఉండదు,
చాప ఉంటుంది.
మా మేనేజరు హిల్క్కా మొదట్లో
తలని పక్కకి వంచి నన్ను చూసేది.
ఇప్పుడు అలవాటైంది.

నా ఉద్యోగం ఏమిటో చెప్పలేదు కదూ.
మంచు మీద జారిపడ్డవాళ్ళ నొప్పికి
బీమా కంపెనీ తరఫున వెల కడతాను.
నొప్పి: ఒకటి నుంచి పది వరకు, ఒక అంకె రాయండి.
పన్నెండేళ్ళు, ఎవరు తొమ్మిది రాసినా
మనసులో రెండు తీసేసి చదివేదాన్ని,
కూరగాయల దుకాణంలో బేరమాడినట్టు.

నిన్న ఒక దరఖాస్తు.
తౌనో రంతాకంగస్, డెబ్భై ఒకటి.
పియానోలు శ్రుతి చేసేవాడు.
కంకర చల్లకముందే పెరట్లోకి దిగాడట,
చెత్తసంచితో.
నొప్పి: ఏడు.
కూర్చోగలరా? అన్నచోట రాశాడు:
"కూర్చోగలను. మళ్ళీ లేవమని ఎవరూ అడక్కపోతే."

నవ్వొచ్చింది.
నవ్వితే కాలిదాకా లాగింది.
ఇస్త్రీబల్లని పట్టుకున్నాను, అది కిర్రుమంది.
పాపం, చొక్కాల బరువు తప్ప
ఇంకేమీ తెలియని బల్ల.

నేలమీదికి దిగి ఫోన్ చేశాను.
ఏ వైపు పడ్డారు, ఎన్ని గంటలకి,
చెప్పులు ఎలాంటివి.
జవాబుకీ జవాబుకీ మధ్య అతను ఆగాడు.
మా దగ్గర ఫోన్లో మౌనం తప్పు కాదు,
ఎవరూ దాన్ని పూడ్చబోరు.
అలాంటి ఒక మౌనం చివర అన్నాడు:
"మీ గొంతు వెల్లకిలా ఉంది."

నేనేమీ అనలేదు.
"ఫ్రిజ్ మోత మీ చెవి పక్కనే వినిపిస్తోంది.
కొంచెం శ్రుతి తగ్గింది దానికి.
నేనూ నేలమీదే ఉన్నాను లెండి.
కాళ్ళ కింద అకార్డియన్ పెట్టె."

"కుర్చీ కన్నా మెరుగా?" అని అడిగాను.
ఫారంలో లేని ప్రశ్న అది.
"అర అంగుళం తక్కువ" అన్నాడు,
"ఆ అర అంగుళంలోనే ఉంది అంతా."

అతని ఏడుని ఏడుగానే ఉంచాను.
ఆ మాట చెప్పకూడదు, చెప్పలేదు.
కిటికీ అవతల ఎవరో
మంచు మీద కంకర చల్లుతున్నారు,
బియ్యం చెరిగినట్టు చప్పుడు.

గుడ్డు మోగింది, పైన, బల్ల మీద.
"ఏదో ఉడికినట్టుంది, వెళ్ళి చూసుకోండి" అన్నాడు.

ముందు మోకాలు. తర్వాత అరచెయ్యి.
"ఇంకాస్త ఉడకనివ్వండి" అన్నాను.