గోడకి గడి లేదు

రోటర్‌డామ్. నదికి దక్షిణపు ఒడ్డు.
బడి మూడో అంతస్తులో హీటర్ పాడైన గది.
కోట్లు విప్పకుండానే కూర్చున్నారు పిల్లలు
నా ప్రశ్నల కాగితాల ముందు.
రోజుకి ఎన్ని గంటలు ఫోను? ఎన్ని గంటలు టీవీ?
ఏ భాషలో?
అన్నిటికంటే పైన ఒక చిన్న గడి:
మీ కుటుంబం ఏ దేశం నుంచి వచ్చింది?

నిస్రీన్ పెన్ను మూత కొరుకుతూ అడిగింది:
"మా అమ్మ కోసం చూసే గంటలు
నా లెక్కలో వేయాలా, అమ్మ లెక్కలోనా?"
మునిసిపాలిటీ ఉత్తరాల్ని ఫొటో తీసి
పదం పదం విడదీసి చెప్పేది తనేనట.
రీఫ్ కొండల నుంచి అవ్వ పంపే మాటల్ని
మెట్లు దిగుతూ ఒకటిన్నర వేగంతో వింటుందట,
బస్సు వెళ్ళిపోతుందని.
రాత్రికి సిగ్గేసి
మళ్ళీ మొదట్నుంచి, అవ్వ వేగంతోనే.
ఒకే మాట రెండుసార్లు వింటే
ఎన్ని నిమిషాలని రాయాలి?
"సుమారుగా రాయి" అన్నాను.
ఆ రాయి ఇంకా నా పంటి కిందే ఉంది.

ఎద్మిల్సన్‌కి డేటా పదో తారీఖుకే అయిపోతుంది.
తాళం వేసిన లైబ్రరీ గోడకి సైకిలు ఆనించి
దొరికినంత వైఫై జుర్రుకుంటాడు,
ముక్కు కారుతున్నా లెక్కచేయక.
పై అంతస్తువాళ్ళు తిడతారని
ఫుట్‌బాల్ అంతా శబ్దం లేకుండా చూస్తాడు.
గోల్ పడిందా, ఆ అరుపు వాడిదే.
తిట్లు ఎలాగూ తప్పవు.

యోరిత్ మాత్రం గుండ్రంగా సున్నా చుట్టాడు.
తాతల నాటి చర్చి కట్టుబాటు వాళ్ళది.
ఇంట్లో టీవీ లేదు,
ఆదివారం సైకిలు కూడా గడప దాటదు.
నిజం చెప్తున్నా, నాకు సంతోషమేసింది.
పట్టికలో సున్నా ఎంత ముచ్చటగా ఉంటుందో.

"అబద్ధం!"
వెనక బెంచీ నుంచి ఇలైదా.
"మొన్న మంగళవారం మా సీరియల్లో
పెద్దకొడుకు చచ్చిపోయిన సంగతి
నాకంటే ముందు వీడికే తెలుసు."

గది గొల్లుమంది. యోరిత్ చెవులు ఎర్రబడ్డాయి.
తర్వాత, నేలకేసి చూస్తూ, చెప్పాడు.
పక్కపక్క ఇళ్ళు. మధ్యలో జానెడు గోడ.
ఇలైదా నాన్నమ్మకి చెవుడు,
టీవీ వీధి వీధంతటికీ వినిపిస్తుంది.
టర్కిష్ ఒక్క ముక్క రాదు వాడికి.
అయినా, సంగీతం ఆగితే
తలుపు దగ్గర ఎవరో నిలబడ్డారని,
ఆవిడ గొంతు తగ్గిస్తే
ఇక అబద్ధమాడబోతోందని తెలుసట.
దీపం ఆర్పి, గోడకి వీపు ఆనించి వింటాడట.
పొద్దున్నే ట్రామ్‌లో ఇలైదా అసలు కథ చెబుతుంది.
సగానికి సగం తప్పే ఊహించి ఉంటాడు.
"ఒక్కోసారి వీడి కథే బాగుంటుంది"
అంది తను, కిటికీలోకి చూస్తూ.

గోడలకి చెవులుంటాయని విన్నాను.
ఈ గోడకి నోరు కూడా ఉంది.
నా కాగితంలో దానికి గడి లేదు.

ఒకప్పుడు నేనూ
ఇలాంటి కాగితం మీదే
"ఇతరులు" అనే గడిలో ఇరుక్కున్నదాన్ని.
మా వంటింట్లో రేడియో
సురినాం వార్తలు మొదలుపెట్టి
బంగాళాదుంపలు ఉడికేసరికి డచ్‌లోకి మారిపోయేది.
ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు.

ఆ రాత్రి యోరిత్ కాగితం తీసి
సున్నాకి ఎడమ పక్కన
పెన్సిలుతో నిలువుగా ఒక గీత గీశాను.
గోడ అనుకున్నాను.

సోమవారం ఆఫీసు నుంచి ఫోను:
ఈ కుర్రాడు నిజంగానే
రోజుకి పది గంటలు టీవీ చూస్తాడా?