ఆరు భాషల రసీదు

ఎర్రగుంట్ల నాలుగు రోడ్ల కాడ నా జిరాక్సు అంగడి.
పొద్దున షట్టరెత్తితే
కౌంటరు మీద వేలితో పేరు రాసుకోవచ్చు,
రాత్రంతా సిమెంటు దుమ్ము రాలుంటాది.
ఆ దుమ్ములోనే మోచేతులాన్చి దస్తగిరమ్మ అడిగింది:
"అబ్బోడా, పైనోళ్లకు ఒక కాగితం రాయి."

ఏ పైనోళ్లకత్తా?
తాసిల్దారుకు రాసినాం. కలెక్టరుకు రాసినాం.
కడపకు పోయి సోమవారం వరసలో నిలబడి
టోకెను కూడా తెచ్చుకుంటివి.

"వాళ్లకూ పైన ఎవురో ఒకరు ఉండాల గదా."

పాలీషు యూనిట్లో పద్దెనిమిదేండ్లు.
నీళ్లు, నాపరాయి, తిరిగే చక్రం.
ముందు గోరింటాకు పోయింది, తర్వాత గోర్లు,
ఆ తర్వాత వేలి మీది సాళ్లు.
ఎవరింట్లోనో బండ అద్దమయ్యే కొద్దీ
ఈమె వేలూ అద్దమైంది.

రేషనంగట్లో మిషను వేలు అడుగుతాది.
పదీ పెడతాది, ఒకటెనక ఒకటి.
ఎర్రలైటు.
ఓబులేసు చెడ్డోడేం కాదు,
నిమ్మకాయ రుద్దమంటాడు, కొబ్బరినూనె పూయమంటాడు,
వాని మాట వినే మిషను కాదది.
నాలుగు నెల్లు ఖాళీ సంచి నాలుగు మడతలు పెట్టుకొని
ఇంటికి.
లెక్కల్లో మాత్రం, ఇది నా సిస్టంలో నేనే చూసినా,
మార్చి నెల బియ్యం ఇచ్చేసినారు.
వేలిముద్ర సరిపోయింది, అని ఉంది.
ఎవరి వేలో.

మిషన్ల చేతిలో మనిషి హక్కులు ఏమైతున్నాయో చెప్పండని
జెనీవాలో ఒక కమిటీ అడుగుతోందని
బజ్జీలు చుట్టిన పేపర్లో చదివినా.
వెతికి ఫారం తెరిచినా.

మొదటి గడి: మీరు ఏ సంస్థ తరఫున?
"బండల తరఫున" అనింది.
రెండో గడి: ఉల్లంఘన జరిగిన తేదీ.
"జరగని తేదీ అడగమను, సులువుగా చెప్తా."
మూడో గడి: బాధితురాలి మాటల్లో,
రెండు వేల అక్షరాలు దాటకుండా.

ఆమె చెప్తాంటే నేను ఇంగ్లీషు చేస్తాంటి.
చేసే కొద్దీ రాలిపోతాండె.
కడుపు మాడింది అంటే
ఆహార హక్కుకు భంగం అని కొట్టినా.
వాళ్లకు నా ఉసురు తగులుతాది అనింది,
దానికి ఫారంలో గడి లేదు, వదిలేసినా.
"నన్ను నేను కాదంటాది ఆ మిషను" అనింది.
గుర్తింపు నిర్ధారణలో వైఫల్యం, అని రాసి
మళ్లీ చదువుకొని
సిగ్గేసి తుడిపేసినా.
ఆ ఒక్క మాట మాత్రం ఉన్నదున్నట్టు పెట్టినా.

ఆఖర్న సంతకం. స్కాను చేసి జతపరచాలంట.
స్టాంపు ప్యాడు మూత తీస్తే
బొటనవేలు అద్ది, కాగితం మీద ఒత్తింది.
నున్నటి నీలి మచ్చ.
ఒక్క గీత లేదు.
తప్పు చేసినదాని మాదిరి
కొంగుతో తుడవబోయింది.

ఉండత్తా, తుడవొద్దు.
రెండు వేల అక్షరాల్లో నాకు చాతగానిది
అదొక్కటే చెప్పింది.
దాన్ని మొదటి పేజీగా పెట్టి పంపినా.

అర నిమిషానికే జవాబొచ్చింది.
మీ ఫిర్యాదు అందింది.
ఒకటే మాట, ఆరు భాషల్లో.
కండ్లద్దాలు సర్దుకొని వంగి చూసింది.
"మనది యాడుంది?"
లేదత్తా.
"ఉర్దూ?"
అదీ లేదు. అరబ్బీ ఉంది, ఇదో.
"ఉండనీలే. ఫాతెహా అరబ్బీలోనే గదా చదివేది,
మనకు అర్థం కాకపోయినా చేరుతాదంటారు."

కొంచేపు రోడ్డు మీద బండల లారీలు చూసి,
"ఇప్పుడు వాళ్లకు టైమెంత?" అనింది.
మనకంటే మూడున్నర గంటలు ఎనక.
"అయితే ఈ పొద్దు ఓబులేసు అంగడి మూసేసిన సంగతి
వాళ్లకింగా తెలీదు."

రసీదు జిరాక్సు ఒకటి తీయించుకొని
రేషను కార్డు కవర్లో మడిచి పెట్టుకునింది.
వద్దంటే వినకుండా
రెండు రూపాయల బిళ్ల కౌంటరు మీద పెట్టి
మెట్టు దిగి, మళ్లీ తిరిగింది.

"సోమవారం వస్తా.
అంతలోపల, అబ్బోడా,
ఈళ్లకు పైన ఎవురుండారో
కనుక్కోని పెట్టు."