రోహిణిలో హీటరు

రోళ్లు పగిలే రోహిణి కార్తె.
కాశీబుగ్గలో మా షెడ్డు రేకు మీద
కాకి కూడా కాలు పెట్టని మిట్టమధ్యాహ్నం
నీలాచలం తన ముసలి వ్యాను తెచ్చి ఆపి
"హీటరు బాగుసెయ్యాల మేస్త్రీ" అన్నాడు.

పక్క పంచర్ల కొట్టోడు నవ్వాడు.
టీ గ్లాసులు కడిగే గుంటడు నవ్వాడు.
నేనూ నవ్వాను, దాచడమెందుకు.
"ఏసీ అనబోయి హీటరన్నావేటిరా?"

అతను నవ్వలేదు.
వెనక తలుపు లాగి చూపించాడు.
నాలుగు సీట్లు. నాలుగు దుప్పట్లు మడతపెట్టి,
ఒక్కోదాని అంచున ఒక్కో పేరు ఎర్రదారంతో కుట్టి.
ఒక పేరు మాత్రం విప్పేశారు.
సూది కన్నాలు అలాగే ఉన్నాయి,
కూడబలుక్కుంటే చదవొచ్చు.

"నాలుగ్గంటలు మిసను మీదుండి దిగుతారు.
రగతమంతా బయటికెల్లి తిరిగొచ్చింది కదేటి,
సలి. పళ్లు టకటకమంటాయి.
నానేమో సెమట్లు కక్కతుంటాను, ఆళ్లు ఒణుకుతుంటారు.
మొన్న లోలాక్షప్ప
ఇంజను మూత మీద సేతులెట్టీసింది."

అప్పుడు పానా తీశాను.

ఎడమ పక్క సామాన్ల అర ఊడదీస్తే దాని వెనక,
మెడ విరుచుకుని పడుకుంటే గానీ కనపడని చోట
బ్లోయరు మోటారు.
మూడు స్క్రూలు. రెండు కంటికి కనిపిస్తాయి.
మూడోది ఈ బండి చేసినవాడి మనసులో ఉంది.
వేలి కొసలతో అరగంట వెతికాను.
తుప్పు. కిరసనాయిలు. బూతులు. మళ్లీ కిరసనాయిలు.
మణికట్టు తోలు లేచిపోయాక
కదిలింది.

మోటారు ఒళ్లో పడింది,
దాంతోపాటే ఓ ఎలక సంసారం:
జీడి పొట్టు, కొబ్బరి పీచు, దూది,
కొరికి కొరికి మెత్తగా పరిచిన కాగితాలు,
ఆసుపత్రి బరువు చీటీలు.
ముందు యాభై రెండున్నర, తర్వాత యాభై.
ముందు నలభై ఏడు, తర్వాత...
తర్వాతది ఎలక తినేసింది.

గుంటడు చీపురు తెస్తే ఆగమన్నాను.
ఎందుకన్నానో తెలీదు.
కాసేపాగి నేనే ఊడ్చాను.

పాత మోటారులో కార్బన్లు గోటి మందం కూడా మిగల్లేదు.
ఈ మోడలుకి కొత్తది రావడం మానేసి ఎన్నేళ్లయిందో.
శ్రీకాకుళం వెళ్లి సిలార్ పాతసామాన్ల గుట్టలో
వేరే బండిది పట్టాను.
సంగతంతా చెప్పినా రూపాయి తగ్గలేదు,
మోటారు మాత్రం మంచిదే ఏరి ఇచ్చాడు.

చెవులు పట్టలేదు, ఆకురాయితో అరగదీశాను.
బిగించి స్విచ్చేస్తే
హోరు ఉంది, గాలి లేదు.
రెక్కలు వెనక్కి తిరుగుతున్నాయి.
అలాంటివాళ్లు మా వీధిలోనే ఇద్దరున్నారు.
ఎర్రతీగ నల్లతీగ తారుమారు చేశాను.

ఇంకా చల్లగాలే.
కింద దూరి చూస్తే, ఎవడో ఎప్పుడో
వేడినీళ్ల గొట్టం మడిచి తీగతో కట్టేశాడు.
ఈ ఎండల దేశంలో ఎవరికి కావాలనుకునుంటాడు.
ఆ కట్టు విప్పాను.
రెండు గొట్టాలు. ఒకటి తెస్తుంది, ఒకటి తీసుకుపోతుంది.
నీలాచలం ఒంగి వాటినే చూస్తూ
"ఇలాగే ఉంటాది" అన్నాడు.
ఏది అని అడగలేదు.

అద్దాలెత్తి ముగ్గురం లోపల కూచున్నాం,
నేనూ, అతనూ, టీ గుంటడూ.
పొయ్యి నోట్లో తల పెట్టినట్టుంది.
చెమట మోచేతుల నుంచి సీటు మీదికి కారింది.
"సాలా?" అన్నాను.
"ఇంకో గీత పెంచు" అన్నాడు.

మంగళవారం పొద్దుగూకే ముందు
వ్యాను మా షెడ్డు దాటి వెళ్లింది, ఆగలేదు.
అద్దాలన్నీ బిగించి ఉన్నాయి.
తడిసిన బనీనుతో నీలాచలం, స్టీరింగు మీదికి వంగి.
పక్కన ఆవిడ,
జీడిపిక్కలు కొట్టి కొట్టి నల్లబడ్డ చేతులు రెండూ
గాలి జాలీకి ఆనించి,
నోరు కొంచెం తెరుచుకుని,
నిద్రపోతోంది.