నాలుగు, ఆరు తర్వాత

ఒంగోలు బస్సు టాపు మీద
కోళ్ళగంపకీ ఎరువు బస్తాకీ మధ్య
వచ్చింది చుక్కల ఓడ,
రేకు డబ్బాల్లో, కొబ్బరితాడుతో కట్టి.
చీమకుర్తిలో దించుకున్నది మేమే, నేనూ మాలకొండయ్యా.
చెరో పక్కా పట్టి హాలుదాకా మోస్తే
కాలేషా మమ్మల్ని టిక్కెట్టు లేకుండా నేలలో కూర్చోబెట్టాడు.

అంతకుముందు మాకు తెలిసిన ఆకాశం
మధ్యాన్నం అన్నాల వేళ అదిరేది.
క్వారీలో తూటాలు పేలితే
పళ్ళెంలో మెతుకుల మీద సన్నటి దుమ్ము.
ఊరి చుట్టూ నల్లరాయి, రాతి నిండా బంగారు నలుసులు.
గెలాక్సీ అంటారు దాన్ని, ఓడలకెత్తేవాళ్ళు.
మాకది లారీ వెనక రాసుండే మాట, అంతే.

బొమ్మ పడింది.
తెర మీద కూడా అదే రాయి!
నల్లగా, అంచు లేకుండా, మిణుకు మిణుకుమంటా.
"ఒరే, ఇది మన రామతీర్థం క్వారీ రా!"
ఎవరో అరిస్తే హాలంతా నవ్వింది.
నేను నవ్వలా. నాకు నిజంగానే అనుమానం.

ఓడ నడిపే ఆవిడ పేరు మా నోటికి తిరగలా.
సరంగు అన్నాం.
నుదుటి మీద నీలి దీపం.
అరవ యాస కాస్త తగిలే డబ్బింగు తెలుగులో
"భయపడకండి, నేనున్నాను" అనేది,
పెదాలు మూసుకున్నాక కూడా.

ఆరో రీల్లో ఆవిడ
అందర్నీ చిన్న పడవలెక్కించి పంపేసి
చీకట్లోకి ఒక్కతే పోయింది.
దీపం చుక్కంతయింది. ఆరింది.

తర్వాతి రీల్లో
అదే ఆవిడ, తడి జుట్టు తుడుచుకుంటా
ఇనప మనిషికి టీ కాయడం నేర్పిస్తంది!

ఎవరూ ఏమీ అడగలా. ఈలలు. చించిన కాగితాలు.
పోయినోళ్ళు తిరిగొచ్చే వెసులుబాటు పైన ఉందేమో,
సైన్సు గదా, ఉంటుంది.

మాలకొండయ్య ఈల వెయ్యలా.
వాళ్ళ నాన్న మీద రాయి జారి
అప్పటికి ఎనిమిది నెలలు.
మోకాళ్ళు రెండూ కావిలించుకుని వాడు
తెరని కాదు,
తెర పక్క తలుపుని చూస్తన్నాడు.

మర్నాడు ఓనరు కనిపెట్టాడు,
నాలుగో రీలు ఆరు తర్వాత పడిందని.
కాలేషాని అమ్మనాబూతులు తిట్టి
డబ్బాల మీద సుద్దతో అంకెలేయించాడు.
ఆ రోజు ఆవిడ పోయింది. పోయినట్టే ఉంది.
సెకండ్ షో మధ్యలో మాలకొండయ్య లేచి
ఇనప మెట్లెక్కి ఆపరేటరు గది తలుపు కొట్టాడు.
లోపల ఏం మాట్లాడుకున్నారో నాకు తెలవదు.
చాలాసేపటికి దిగాడు,
చొక్కా నిండా కాలిన కార్బన్ వాసన, బీడీ వాసన.

మూడో రోజు నుంచి పెట్టె తిరిగి బస్సెక్కేదాకా
సెకండ్ షోలో
నాలుగు, ఆరు తర్వాతే.
ఓనరు ఇంట్లో నిద్రపోయే ఆట అది.

రెండో భాగం వచ్చేసరికి మాకు మీసాలొచ్చాయి.
అందులో సరంగు ఊసే లేదు.
ఆవిడ దీపాన్ని ఎవరో గోడకి తగిలించి దణ్ణం పెడతారు.
"రీళ్ళన్నీ పంపినట్టు లేదు" అన్నాడు మాలకొండయ్య.
ఔనన్నాను.
మూడో భాగానికి ఒంగోలు పోయాం, ఏసీ హాలు,
అక్కడా అదే మాట, అదే ఔను.

హాలిప్పుడు పాలిష్ పలకల గోడౌను.
కాలేషా గది కిటికీకి ఇటికలు కట్టారు.
మొన్న మా పాప సెల్లులో పెట్టింది,
అన్ని భాగాలూ, వరసగా, ఒక్క గీత లేకుండా.
నీలి దీపం ఆరే చోట
పిల్ల ముక్కు ఎగబీల్చుకుంటా ఆపబోతే
పక్కనుంచి చెయ్యి అడ్డం పెట్టాడు మాలకొండయ్య,
గోళ్ళ సందుల్లో రాతి బురద ఆరిన చెయ్యి.

"ఆపమాక. ఇప్పుడొచ్చుద్ది, జుట్టు తుడుచుకుంటా."

పిల్ల నా వైపు చూసింది.
నేను సెల్లులోకే చూస్తన్నా.