చిత్తడికి గీత

పూర్ణా మార్కెట్ వెనక పాతకాగితాల కొట్లో
కిలో పదకొండు రూపాయల లెక్కన
ఒక నది దొరికింది నాకు.

ఏ ఓడ దిగి వచ్చిందో ఆ షీటు.
నాకు రాని లిపి. ఎండాకాలంలోనూ
అడుగున మంచు కరగని నేలట, కొట్టువాడు చెప్పాడు.
మడతల దగ్గర చిరిగింది. టీ మరక ఒకటి
సరస్సుల మధ్య మరో సరస్సై కూర్చుంది.

లిపి రాకపోతేనేం,
పోర్టు డ్రాయింగ్ ఆఫీసులో ముప్ఫై ఒక్కేళ్లు ట్రేసరుని.
నీలం అడ్డగీతలంటే చిత్తడి.
గీత తెగితే కాలు పెట్టొచ్చు,
తెగకపోతే వద్దు.
బాణం పక్కన అంకె, ఏటి నడక.
సెకనుకి ఇరవై సెంటీమీటర్లు.
మా ఆఫీసు ఫైలు కన్నా కాస్త జోరే.

ఎవరు కొలిచారో.
దోమతెరలో తల దాచుకుని
నాచులోకి గడ దించి
"ఒకటీ పాయింటు ఎనిమిది" అని ఒకడు అరిస్తే
గట్టున ఇంకొకడు రాసుకుని ఉంటాడు.
కాదు, గట్టెక్కడిది అక్కడ?
నీళ్లలోనే నిలబడి రాసుకుని ఉంటాడు.

రాత్రి దాన్ని మా పాత షీటు పక్కన పరిచాను.
హార్బరు తవ్వకముందటి ఉప్పుటేరు,
మేఘాద్రి గెడ్డ సముద్రం దాకా వచ్చి
దారి మరిచిపోయిన చోటు.
అవే నీలం గీతలు.
ఇప్పుడక్కడ ఇనప రాయి గుట్టలు, క్రేన్లు,
కన్ను మూయని దీపాలు.

మా షీటు మీద వాలుగా, ఇంగ్లీషులో,
జనావాసం లేదు అని ఉంది.
మా అమ్మమ్మ బంగారి పుట్టింది అక్కడే,
మడచెట్ల నడుమ, పోటొస్తే తేలే మంచం మీద.
పీతల బుట్ట నెత్తినెట్టుకుని
సర్వే గొలుసు దాటిందట.
"దారికడ్డమని జరగమన్నాడే టోపీదొర,
కాయితం మీద మాత్రం రాసుకోనేదు."

ఆ చలిదేశపు షీటులో, రెండు పాయలు కలిసే చోట
నల్లని చదరం ఒకటి ఉంది.
అగ్గిపుల్ల తల కన్నా చిన్నది.
గుడిసె. పక్కన కురచ మాట:
పేరో, ఖాళీ అనో,
పొయ్యి ఉందనో.
చూడనివాడు గీయడు దాన్ని.
తడిసిన మేజోళ్లు అక్కడ ఆరేసుకున్నాడేమో.

నా పెన్నులో సిరా గడ్డకట్టింది.
వేణ్ణీళ్లలో నానేశాను.
తెల్లారాక మా షీటు మీద
ఒక చుక్క పెట్టాలి.
ఎక్కడో అమ్మమ్మ చెప్పలేదు.
నడుం లోతు అనేది, అంతే.
ఏ వయసు నడుమో
అడగలేదు నేను.