ఏడో నంబరు కట్టె

మా ఊరి పేర్లోనే ఉన్నాయి గుంతా, కల్లూ.
గుంతకల్లు రైల్వే వాళ్ళు ఇంకో తొమ్మిది గుంతలు తవ్వి
దానికి గోల్ఫ్ క్లబ్బని పేరు పెట్టుకున్నారు.
గ్రీనంటే ఈడ పచ్చిక కాదు,
పాత ఇంజనాయిలు పోసి తొక్కిన ఇసుక.
ఫెయిర్‌వే అంటే
మే నెలలో బీటలిచ్చిన నల్లరేగడి,
ఆగస్టులో పల్లేరు కాయలు.

ఇరవై ఆరేండ్లు సంచులు మోసినా నేను.
ఎడమ భుజం రెండు వేళ్లు కిందికుంటాది.
దర్జీ ఖాజామియా అడగడు, కొలవడు,
చొక్కా ఆ పక్క కొంచెం దించి కుడతాడు.

సంచిలో ఇనుపవి ఇనుపవే.
కట్టెలు మాత్రం ఇప్పుడు కట్టెలు కావు.
బోలు ఉక్కు. వేలితో కొడితే
ఖాళీ బిందె మాదిరి మోగుతాది.
అయినా "కట్టె ఇయ్యప్పా ఉరుకుందూ" అనే అడుగుతారు.

బదిలీ మీద వచ్చిన ప్రతి సారుకూ
మొదటి నెల మూడో నంబరు మీదే మోజు.
డ్రైవరు తర్వాత దూరం పోయేది అదేనంట.
పోతాది, గడ్డి ఉన్న ఊర్లో.
ఈడ నేల రొట్టెల పెనం.
బంతి కింద వెంట్రుక దూరే సందుండదు.
నిటారు ముఖం కట్టె నేలకు తగిలి ఎగిరి
బంతిని నడినెత్తిన మొడుతాది.
అది పాక్కుంటా పోయి
రేగుకంప కింద కూర్చుంటాది
బడి ఎగ్గొట్టిన పిల్లోని మాదిరి.

అకౌంట్స్ తిప్పేస్వామి సారు
నాలుగేండ్లు దాంతోనే కుస్తీ పట్టినాడు.
"తప్పు నాది, కట్టెది కాదు" అనేవాడు.
మాట బాగానే ఉంది.
ఆ మాటకు ఎన్ని బంతులు ఖర్చయినాయో
నాకు తెలుసు, ఏరుకున్నోన్ని కదా.

రైల్వే ఆసుపత్రి వకుళ డాక్టరమ్మ
వచ్చిన రోజే మడమతో నేలను ఒత్తి చూసింది,
కడుపునొప్పి మనిషిని ఒత్తినట్టు.
"మూడొద్దు, ఐదొద్దు, ఏడియ్యి" అనింది.
వెనక సార్లు నవ్వినారు,
ఏడో నంబరు ముసలోళ్లదంట.
ఆమె కొట్టలేదు, ఊడ్చింది.
కళ్లంలో పొరక వేసినట్టు, తొందర లేకుండా.
బంతి లేచి
శెనక్కాయల మిల్లు గొట్టమంత ఎత్తుకు పోయి
ఆడ కాసేపు ఆలోచించుకోని
దిగింది. దిగిన చోటనే ఉండింది.

నవ్వినోళ్లలో ముగ్గురు
దీపావళికంతా ఏడో నంబరు తెప్పించుకున్నారు.
ఆ సంగతి ఎవరూ ఆమెతో అనలేదు.

తిప్పేస్వామి సారు రిటైరైన సాయంత్రం
సంచి తెచ్చి నా ముందర పెట్టినాడు.
"ఒకటి తీసుకో ఉరుకుందూ, ఏదైనా సరే."
డ్రైవరు అమ్మితే మూడు వేలు,
ఇంటిమీద నాలుగు రేకులు.
నేను ఒక్కొక్కదాని టోపీ తీసినా.
మూడోదాని అడుగంతా రాళ్ల గీతలు.
ఐదోది ఉన్నట్టూ లేనట్టూ.
అన్నిటికీ అడుగున, ప్లాస్టిక్ తొడుగు కూడా విప్పకుండా
ఏడోది.

ఎప్పుడు కొన్నాడో!
ఇద్దరం దాన్ని చూసినాం.
సారు మొహం స్టేషను దిక్కు తిప్పుకున్నాడు.

తొడుగు చింపి చేతికిచ్చినా.
"ఒక్కటి కొట్టండి సార్, చూసేవాళ్లెవరూ లేరు."
మొదటిది దుమ్ము.
రెండోది కూడా దుమ్మే, కొంచెం తక్కువ.
మూడోది లేచింది.
అంత ఎత్తుకు కాదు,
సిగ్నలు చెయ్యి ఎత్తుకు, అంతే.
అయినా లేచింది, దిగింది, నిలబడింది.

సారు చానాసేపు పలకలేదు.
కట్టెను పంచె అంచుతో తుడిచినాడు, మళ్లా తుడిచినాడు.
"ఉరుకుందూ,
ఇది మాత్రం ఇయ్యలేనప్పా."

డ్రైవరడగడానికి నాకు నోరు రాలేదు.
మూడోదాన్ని భుజానేసుకోని ఇంటికొచ్చినా.
మా ఆడది చూసి, "దీంతో ఏం కొడతావు?" అనింది.
తలుపు మూలన పెట్టినా.

ఈ ఏడు వాన పడితే
ఆరో గుంత పక్కన, మురుగుకాలవ గట్టున
నాలుగు బారల గడ్డి మొలుస్తాది.
దానికి అంత చాలు.